టికెట్ల వెనక

పుట్టినరోజులకు ఫోటోలున్నాయి.
మంగళవారాలకే లేవు.

ట్రాలీబస్సు నెత్తి మీది గడ ఒక్కోసారి
ఎచౌర్రెన్ చౌరస్తా మలుపులో
తీగ నుంచి జారిపోతుంది.
బండిలో దీపాలు ఆరిపోతాయి.
దిగి, వెనక్కి నడిచి, తాడు లాగి
ఆకాశంలోకి చూస్తూ మళ్ళీ తగిలించాలి నేను.
దిగేముందు ఒక్క నిమిషం దొంగిలిస్తాను.
వాల్పరైసోలో అందరికీ తెలుసు,
గడ జారడం ఎవరి తప్పూ కాదని.
ఆ మసక వెలుతురులో రాసుకుంటాను
టికెట్టు వెనకవైపు, బొటనవేలంత జాగాలో:

"ఎవారిస్తో: పొగమంచు రాత్రి ఎక్కడ పడుకుంటుంది?"

"రాయెన్ ఉల్లిపాయ కోస్తూ ఏడ్చింది.
ఉల్లిపాయకే సారీ చెప్పింది."

"నిన్న చిన్న భూకంపం. వాడన్నాడు: ఇల్లు వీపు గోక్కుంది."

అంతే. చాలావాటికి తేదీ ఉండదు.
సగం వాక్యంలో ఎవరో అద్దం మీద కొడతారు.

పొద్దున నాలుగున్నరకి ఇల్లు వదులుతాను.
నూట అరవై రెండు మెట్లు, తోడుగా ఒక వీధికుక్క.
అప్పటికి వాళ్ళు నిద్రలో ఉంటారు, నోళ్ళు తెరుచుకుని,
ఎవరో ముద్ద పెడతామన్నట్టు.
తిరిగొచ్చేసరికి మళ్ళీ నిద్రే.
మధ్యలో వాళ్ళు ఎదిగిన పగళ్ళన్నీ
మా అమ్మ చెప్పగా విన్నవి,
చిక్కుడు గింజల కూర వేడి చేసుకుంటూ, నిలబడి.
ఆమెకి చెప్పడం రాదు పాపం.
"బాగానే ఉన్నారు" అంటుంది.
బాగా అంటే ఎలా? ఏ చొక్కా? ఎవరు ముందు నవ్వారు?
"పోలీసులు కూడా ఇంత పీడించరే" అంటుంది,
కానీ మర్నాటికి ఒకటి గుర్తుపెట్టుకుంటుంది.

ఇన్‌స్పెక్టరు ఒసోరియో ఓసారి పట్టుకున్నాడు.
టికెట్టు కంపెనీ సొత్తు, రాతలు రాయకూడదు.
లాక్కుని చదివాడు. ఇంకోసారి చదివాడు.
తన కూతురికి ముప్పై దాటాయట,
చిన్నప్పుడు ఏదో అనేదట అందరూ పడి నవ్వేలా,
ఏమనేదో రాలేదు నోటికి.
అప్పట్నుంచి రోలు చివర మిగిలిన ముక్కలు
మాట్లాడకుండా నా చేతిలో పెట్టి పోతాడు.

అన్నీ పాలపొడి డబ్బాలో వేస్తాను.
సముద్రపు చెమ్మకి కొన్ని అంటుకుపోతాయి.
గోటితో విడదీస్తే ఒకదాని అక్షరాలు
ఇంకోదాని మీదికి దిగి ఉంటాయి.
ఇప్పుడు ఉల్లిపాయే వీపు గోక్కుంటోంది.

ఒక దాని మీద "నీలం చెంచా" అని మాత్రం ఉంది.
కింద రెండు గీతలు.
మా ఇంట్లో నీలం చెంచా ఎప్పుడూ లేదు.
పిల్లల్ని అడిగాను, అమ్మనడిగాను.
ఏదో జరిగింది. దానికి నేనెంత పొంగిపోయానో
పెన్ను ఒత్తిన గుంటలు చెబుతున్నాయి,
వేలితో తడిమితే ఇప్పటికీ తగుల్తాయి.
సంతోషం మిగిలి కారణం పోయింది.
పారెయ్యలేదు.

పోయిన ఆదివారం, డ్యూటీ లేని రోజు,
డబ్బా అడుగున నాది కాని దస్తూరి.
పెన్సిలు. చివరి అక్షరాలు చోటు చాలక
అంచు వెంట పైకెక్కాయి:
"అమ్మ బూట్లతోనే నిద్రపోయింది.
ఒకటి తీశాను. రెండోది ముడి పడింది."

ఆ పొద్దున నాకు గుర్తుంది.
ఒంటి కాలికి బూటుతో లేచి,
రెండోదాని కోసం మంచం కింద పాకుతూ,
ఆలస్యమవుతోందని, ఎవరు దాచారోనని
నిద్రపోతున్న ఇద్దర్నీ తిట్టుకున్నాను.

ఎవరు రాశారని అడగలేదు.
ఖాళీ ముక్కలు ఓ పది
డబ్బా పక్కన పెట్టొచ్చాను,
పెన్సిలు కొంచెం చెక్కి.